లిస్ప్ ఇంటర్‌ప్రెటర్‌లో కాలం కూడికలు, తీసివేతలు, పోలికలు: ఈ కోడును ఎంతవరకు కుదించవచ్చు?

పటమట

అందరికీ నమస్కారం. మన ఇంటర్‌ప్రెటర్‌లో, అంటే లిస్ప్ ప్రోగ్రాములను నడిపే మన యంత్రంలో, కాలానికి సంబంధించిన సీ భాష ఫైలును మొదటి నుంచి చివరి వరకు చదివాను. కూడిక, తీసివేత, పోలికలకు బయటికి కనిపించే ఫంక్షన్లు నాలుగే: కాలం-కూడు, కాలం-తీసివేయి, కాలం-ముందా, కాలం-సమానమా. అయితే తన చేతికి వచ్చిన విలువ ఏ రూపంలో ఉందో ఈ నాలుగూ ఎవరికి వారే విచారించుకుంటున్నాయి. రూపాలన్నీ మనం ఈమ్యాక్స్ ఎడిటర్‌లోని లిస్ప్ నుంచి తెచ్చుకున్నవే. నిల్ అంటే ఇప్పటి సమయం. పూర్ణాంకం అంటే 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. ఆ తర్వాత ఫ్లోటు (దశాంశ సంఖ్య), సెకన్లను 65536తో భాగించగా వచ్చే భాగఫలం, శేషాలతో (పై కింది) జాబితా, దానికి మైక్రోసెకన్లు చేర్చినది, వాటికి పైకోసెకన్లు (మైక్రోసెకనులో పది లక్షల వంతులు) కూడా చేర్చినది, చివరగా (టిక్కులు . రేటు) అనే జత; రేటు అంటే సెకనుకు ఎన్ని టిక్కులో. రెండు విలువలకు ఇన్నేసి రూపాలు ఉండడంతో ప్రతి ఫంక్షనూ మెలికలు తిరిగిన షరతుల గుంపుగా తయారైంది.

తీసివేతలో జాబితాల భాగం అన్నిటికంటే చదవలేనిదిగా ఉంది. 1700000000వ సెకను, అంటే మన కాలమానం ప్రకారం 2023 నవంబరు 15 తెల్లవారుజామున 3 గంటల 43 నిమిషాల 20 సెకన్లు, జాబితాగా (25939 61696 0 0) అవుతుంది. అందులోంచి ఒక్క పైకోసెకను తీసివేయాలంటే పైకో స్థానం రుణాత్మకమై మైక్రో దగ్గర అప్పు తెచ్చుకుంటుంది, మైక్రో స్థానం సున్నా కాబట్టి అది కింది స్థానం దగ్గరికి పోతుంది, చివరికి (25939 61695 999999 999999) వస్తుంది. ఈ అప్పుల వరుస ఒకసారి తీసివేతలో, గుర్తు మార్చి మరోసారి కూడికలో, రెండు చోట్లా విడివిడిగా రాసి ఉంది. రెండు జతల రేట్లు వేరైతే మాత్రం పాత కోడు ఈ శ్రమ ఏదీ పడకుండా రెండింటినీ ఫ్లోటులోకి మార్చి ఊరుకుంటోంది.

నా ప్రతిపాదన ఇది. లోపలికి వచ్చిన ప్రతి విలువనూ గడప దగ్గరే ఒక్కసారి (టిక్కులు . రేటు) జతగా మార్చాలి. కూడికకు రెండు రేట్ల క.సా.గు. తీసుకుని భిన్నాలను కూడినట్టు కూడాలి. తీసివేత అంటే రెండో విలువ గుర్తు మార్చి కూడడమే. ముందా అంటే తీసివేసి ఫలితం గుర్తు చూడడం, సమానమా అంటే తీసివేసి సున్నా వచ్చిందా అని చూడడం. నాలుగు ఫంక్షన్లకూ లోపల ఒకే యంత్రం మిగులుతుంది. మీ అభిప్రాయాలు చెప్పగలరు.

అరండల్‌పేట 6వ లైను

గడప దగ్గరే మార్చాలన్న మాటను పూర్తిగా సమర్థిస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడున్న పోలిక తప్పు సమాధానం కూడా ఇస్తోంది. (0 65536), (1 0) రెండూ ఒకే క్షణం. పై అంకెను 65536తో గుణించి కింది అంకె కలపడమే కదా దాని అర్థం! కానీ మన కాలం-ముందా స్థానం తర్వాత స్థానాన్ని పోల్చుకుంటూ పోతుంది కాబట్టి మొదటిది ముందని చెబుతుంది. కింది అంకె 65535 దాటకూడదని ఎక్కడా నిబంధన పెట్టలేదు, పెట్టినా వాడేవాళ్లు పాటిస్తారన్న నమ్మకం లేదు. జతగా మారిస్తే ఈ పొరపాటుకు చోటే ఉండదు.

కృష్ణలంక

ఒక సందేహం, పెద్దలు విసుక్కోకూడదు. సెకన్లను అసలు 65536తో రెండు ముక్కలుగా విడగొట్టాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? రెండో సందేహం: కామన్ లిస్ప్ అనే మరో రకం లిస్ప్‌లో భిన్నాలు భాషలోనే ఉన్నాయి కదా, మనం కూడా కాలాన్ని ఒక భిన్నంగా పెట్టుకుంటే క.సా.గు. మన చేత్తో లెక్కించనక్కర్లేదు కదా?

బ్రాడీపేట 4వ లైను

కృష్ణలంక తమ్ముడికి: పాత ఈమ్యాక్స్‌లో లిస్ప్ పూర్ణాంకానికి దొరికే బిట్లు 32 కంటే తక్కువ, ఎందుకంటే ఆ పదంలోనే కొన్ని బిట్లు విలువ రకాన్ని చెప్పడానికి పోయేవి. 32 బిట్ల సెకన్ల లెక్క ఒక పూర్ణాంకంలో పట్టదు కాబట్టి 16 బిట్ల చొప్పున రెండు ముక్కలు చేశారు. తర్వాత మైక్రోసెకన్లు, ఆ తర్వాత పైకోసెకన్లు తోకలాగా వచ్చి చేరాయి. 2020లో వచ్చిన 27వ సంస్కరణలో ఎంత పెద్ద పూర్ణాంకమైనా పట్టే బిగ్‌నమ్‌లు వచ్చాయి, (టిక్కులు . రేటు) జత కూడా దానితోనే వచ్చింది. మనం ఈ రెండు తరాల అలవాట్లనూ ఒకేసారి దిగుమతి చేసుకున్నాం.

భిన్నం సంగతి. కామన్ లిస్ప్ భిన్నాన్ని ఎప్పుడూ కనిష్ఠ రూపానికి కుదిస్తుంది. 1000 మిల్లీసెకన్లను 1000/1000 అని రాస్తే అది 1 అయి కూర్చుంటుంది. విలువ అదే, కానీ ఆ గడియారం మిల్లీసెకన్లలో కొలిచిందన్న సమాచారం పోయింది. (1000 . 1000) అన్న జతలో ఆ సమాచారం నిలిచి ఉంటుంది. కాల విలువను తెరపై ఎన్ని దశాంశ స్థానాలతో చూపాలో నిర్ణయించేటప్పుడు ఇది అక్కరకు వస్తుంది. కాబట్టి హారాన్ని మనమే కాపాడుకోవాలి, క.సా.గు. కూడా మనమే కట్టుకోవాలి.

మంగళగిరి

పటమట గారూ, కూడిక, తీసివేతల వరకు మీరు చెప్పింది బాగుంది. కానీ పోలికను తీసివేత మీద కట్టడాన్ని నేను ఒప్పుకోలేను. కోడు చిన్నదవుతుంది, నిజమే. పని మాత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

గుంటూరు మిర్చి యార్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి ఉష్ణోగ్రతల లాగు (సమయంతో సహా రాసుకునే చిట్టా) ప్రోగ్రాము రాస్తున్నాను, ఇదే ఇంటర్‌ప్రెటర్ మీద. గదుల్లో ఉన్న రికార్డర్లు చేతి గడియారాల్లో ఉండే క్వార్ట్జ్ స్ఫటికంతోనే నడుస్తాయి, సెకనుకు 32768 టిక్కులు. ఆ రీడింగులను అందుకునే సర్వరు తన సమయాన్ని నానోసెకన్లలో రాస్తుంది. రెండు లాగులనూ ఒక వరుసలో కలపాలి, అంటే పనంతా పోలికలే. ఇప్పుడు లెక్క చూడండి. 32768 అంటే 2 ఘాతం 15. 10 ఘాతం 9 అంటే 2 ఘాతం 9 ఇంటూ 5 ఘాతం 9. గ.సా.భా. 512, క.సా.గు. 6400 కోట్లు. 1700000000వ సెకను దరిదాపుల్లోని ఏ క్షణాన్నైనా ఈ ఉమ్మడి రేటులోకి మారిస్తే టిక్కులు 10 ఘాతం 20 దాటతాయి. 64 బిట్ల పూర్ణాంకంలో పట్టేది దాదాపు 9.2 ఇంటూ 10 ఘాతం 18 మాత్రమే. అంటే తేడా కొన్ని మైక్రోసెకన్లే అయినా, ఆ తేడా తెలుసుకోవడానికి ముందు రెండు బిగ్‌నమ్‌లు పుట్టాలి, తేడా తెలిశాక రెండూ చెత్త సేకరణకు, అంటే వాడేసిన మెమరీని వెనక్కి తీసుకునే పనికి, పోవాలి. వరుసలో పెట్టేటప్పుడు ప్రతి పోలికకూ ఇదే తంతు.

పటమట

మంగళగిరి గారి అభ్యంతరం సబబే. అయితే తీసివేత మానేసి అడ్డగుణకారం చేద్దాం: మొదటి దాని టిక్కులను రెండో దాని రేటుతో, రెండో దాని టిక్కులను మొదటి దాని రేటుతో గుణించి రెండు లబ్ధాలనూ పోల్చాలి. క.సా.గు. ఊసే ఉండదు.

మంగళగిరి

ఊసు ఉండదు కానీ అంకెలు ఇంకా పెద్దవవుతాయి. 1.7 ఇంటూ 10 ఘాతం 18 నానోసెకన్లను 32768తో గుణిస్తే 10 ఘాతం 22 దాటుతుంది.

పెద్ద అంకెలన్నీ సెకన్ల భాగం వల్ల వస్తున్నాయి, దాన్ని ముందే పక్కకు తీసేస్తే సరిపోతుంది. టిక్కులను రేటుతో భాగిస్తే భాగఫలం సెకన్లు, శేషం సెకనులోపు భాగం. భాగఫలాలు వేరైతే అక్కడే తేలిపోయింది, ఇక గుణకారమే అక్కర్లేదు. సమానమైతే శేషాలను మాత్రం అడ్డగుణకారం చేయాలి. శేషం ఎప్పుడూ రేటు కంటే చిన్నది కాబట్టి లబ్ధం రెండు రేట్ల లబ్ధాన్ని మించదు. మన ఉదాహరణలో అది 3.3 ఇంటూ 10 ఘాతం 13 లోపే.

నిజంగా ఒక జతను తీసుకుంటాను. రికార్డరు 1700000000వ సెకను దాటి 16384 టిక్కుల దగ్గర ఉంది, అంటే సరిగ్గా అర సెకను. సర్వరు అదే సెకనులో 500000100 నానోసెకన్ల దగ్గర ఉంది. భాగఫలాలు రెండూ ఒకటే. రేట్లను 512తో కుదిస్తే 64, 1953125 మిగులుతాయి. 16384 ఇంటూ 1953125 అంటే 32000000000. 500000100 ఇంటూ 64 అంటే 32000006400. రికార్డరుది ముందు. రెండు గుణకారాలు, ఒక పోలిక, బిగ్‌నమ్ ఒక్కటీ లేదు.

ఇదే జతను పాత కోడుకు ఇస్తే రెండూ సమానమంటుంది. 1700000000 దగ్గర డబుల్ ఫ్లోటులో పక్కపక్క విలువల మధ్య దూరం 2 ఘాతం మైనస్ 22 సెకన్లు, దాదాపు 238 నానోసెకన్లు. ఇక్కడి 100 నానోసెకన్ల తేడా అందులో మునిగిపోతుంది.

అరండల్‌పేట 6వ లైను

ఆలోచన చాలా బాగుంది. ఒక జాగ్రత్త చెప్పాలి. 1970కి ముందు కాలాలు రుణాత్మకం. సీ భాషలో భాగహారం సున్నా వైపు కోస్తుంది: మైనస్ 1ని 1000తో భాగిస్తే భాగఫలం సున్నా, శేషం మైనస్ 1. గణితం ప్రకారం భాగఫలం మైనస్ 1, శేషం 999 రావాలి. కాబట్టి కిందికి దించే భాగహారాన్ని మనమే రాసుకోవాలి, లేకపోతే పాత తేదీల పోలికలు తలకిందులవుతాయి.

బ్రాడీపేట 4వ లైను

ఇక్కడ ఆ శ్రమ అక్కర్లేదండీ. సున్నా వైపు కోయడం కూడా క్రమాన్ని చెడగొట్టదు. ఒక కాలం ఇంకో కాలం కంటే ముందుదైతే, కోసిన తర్వాత దాని భాగఫలం రెండో దాని కంటే తక్కువో సమానమో అవుతుంది తప్ప ఎక్కువ కాదు. భాగఫలాలు సమానమైనప్పుడు శేషాలను వాటి గుర్తులతో సహా పోలిస్తే సరైన సమాధానమే వస్తుంది. మైనస్ అర సెకను, ప్లస్ పావు సెకను తీసుకోండి: రెండింటి భాగఫలం సున్నా, శేషాల్లో ఒకటి రుణం, ఒకటి ధనం, మొదటిదే ముందు. శేషాన్ని గుర్తు లేని (రుణ సంఖ్యలు పట్టని) పూర్ణాంకంలో పెట్టకుండా చూసుకుంటే చాలు.

మీరు చెప్పిన కిందికి దించే భాగహారం ఒక్కచోట మాత్రం తప్పదు. ఫలితాన్ని మళ్లీ (పై కింది మైక్రో పైకో) జాబితాగా విడగొట్టేటప్పుడు సెకను లోపలి అంకెలు ధనాత్మకంగా ఉండాలని ఆ రూపం కోరుకుంటుంది. అది గడప దగ్గర జరిగే పని, పోలికకు దానితో సంబంధం లేదు.

కృష్ణలంక

ఇది కాగితం మీద వేసి చూశాను, మైనస్ ఒకటిన్నర, మైనస్ ఒకటింపావు కూడా సరిగానే వస్తున్నాయి. ఇంకో ప్రశ్న: రెండు రేట్లూ పెద్దవైతే? ఫ్లోటును కచ్చితంగా జతగా మారిస్తే రేటు 2 ఘాతాల్లో వస్తుంది కదా.

మంగళగిరి

మంచి ప్రశ్న. 0.1 అనే ఫ్లోటు లోపల నిజంగా ఉన్నది 3602879701896397 బై 2 ఘాతం 55. దాన్ని నానోసెకన్ల కాలంతో పోలిస్తే 512తో కుదించాక కూడా ఒక గుణకం 2 ఘాతం 46 మిగులుతుంది, దాన్ని 10 ఘాతం 9కి దగ్గరి శేషంతో గుణిస్తే 64 బిట్లు దాటతాయి. అలాంటప్పుడు బిగ్‌నమ్ దారి పట్టక తప్పదు. గుణకారం పొంగిందో లేదో, అంటే ఉన్న బిట్లను దాటిందో లేదో, చెప్పే మ్యాక్రోలు సీ23 ప్రమాణంలో ఉన్నాయి, పాత కంపైలర్లలో కూడా వాటి సొంత రూపాలు దొరుకుతాయి. పొంగకపోతే చిన్న దారి, పొంగితే పెద్ద దారి. ఇదొక్క షరతే మిగులుతుంది.

దీని వల్ల ఒక పర్యవసానం ఉంది, ముందే ఒప్పుకోవాలి: (1 . 10), 0.1 సమానం కావు. కచ్చితంగా చూస్తే 0.1 అనే ఫ్లోటు పదో వంతు కంటే కాస్త ఎక్కువ. ఎవరో ఒకరు వచ్చి ఇది దోషమని ఫిర్యాదు చేస్తారు.

అరండల్‌పేట 6వ లైను

చేయనివ్వండి. సమానత్వంలో సర్దుబాటు మొదలుపెడితే అ, ఆ సమానం, ఆ, ఇ సమానం, అ, ఇ మాత్రం కావు అనే స్థితికి వస్తాం. ఎవరికి ఎంత సూక్ష్మత కావాలో వాళ్లే ముందుగా ఆ రేటులోకి మార్చుకుని పోల్చుకోవాలి.

పటమట

అంగీకరిస్తున్నాను. పోలికను కూడిక నుంచి విడదీసి ఒకే ఫంక్షనుగా రాశాను. మన లిస్ప్‌లోనే దాని రూపం ఇలా ఉంటుంది, సీలో కూడా ఇంతే:

(నిర్వచించు (కాలం-పోల్చు అ ఆ)
  (అయితే (= (రేటు అ) (రేటు ఆ))
      (అంకె-పోల్చు (టిక్కులు అ) (టిక్కులు ఆ))
    (అనుకో ((తేడా (అంకె-పోల్చు (భాగఫలం అ) (భాగఫలం ఆ))))
      (అయితే (= తేడా 0)
          (శేషాలు-పోల్చు అ ఆ)
        తేడా))))

ఫలితం మైనస్ 1, 0, 1లలో ఒకటి. కాలం-ముందా అంటే అది రుణాత్మకమా అని, కాలం-సమానమా అంటే అది సున్నానా అని. రేట్లు ఒకటే అయినప్పుడు భాగహారం కూడా చేయడం లేదు, రోజువారీ వాడకంలో ఎక్కువ పోలికలు ఈ మొదటి దారిలోనే తేలిపోతాయి.

బ్రాడీపేట 4వ లైను

బాగుంది. ఇక నిల్ గురించి మాట్లాడాలి. జతగా మార్చే ఫంక్షను నిల్ కనిపించగానే గడియారం చూస్తుంది. రెండు విలువలూ నిల్ అయితే గడియారాన్ని రెండుసార్లు చూస్తుంది, కాబట్టి నిల్ లోంచి నిల్ తీసివేస్తే సున్నాకు బదులు కొన్ని నానోసెకన్ల రుణం వస్తుంది. ఆ రెండు చూపుల మధ్య వ్యవస్థ గడియారాన్ని ఎవరైనా వెనక్కి సరిదిద్దితే గుర్తు కూడా మారిపోవచ్చు. ఒక పిలుపుకు గడియారం ఒక్కసారే చూడాలి, ఆ విలువనే రెండింటికీ వాడాలి.

సమానత్వంలో మరో మెలిక. నిల్‌ను ఒక మామూలు కాలంతో పోలిస్తే సమాధానం అడిగిన క్షణాన్ని బట్టి మారుతుంది, అటువంటి సమాధానం ఎవరికీ పనికిరాదు. కొత్త ఈమ్యాక్స్ నిల్‌ను నిల్‌తో మాత్రమే సమానంగా చూస్తుంది. మనమూ అదే పద్ధతి పాటిస్తే కాలం-సమానమాలో ఒక చిన్న తనిఖీ చేరుతుంది, అది పోలిక ఫంక్షను లోపలికి రాకూడదు.

కృష్ణలంక

అనంతం, సంఖ్య కాని ఫ్లోటు (NaN, అర్థం లేని లెక్కకు వచ్చే ఫలితం) వస్తే? వాటికి టిక్కులు ఉండవు కదా.

బ్రాడీపేట 4వ లైను

అనంతాన్ని ఉంచాలి. గడువు లేని పనికి గడువుగా అనంతం పెట్టే అలవాటు మనవాళ్లలో ఉంది. దాన్ని జతగా మార్చకుండా ముందే పట్టుకుని గుర్తు చూసి సమాధానం చెప్పవచ్చు. సంఖ్య కాని విలువ విషయంలో ఒక చిట్కా ఉంది: పోలిక 1 తిరిగిస్తే ముందా కూడా కాదు, సమానమా కూడా కాదు అవుతుంది, రెండూ సరైన సమాధానాలే.

పటమట

ఆ చిట్కా నాకు నచ్చలేదు. రేపు ఎవరైనా కాలం-తర్వాతా అని ఐదో ఫంక్షను చేరిస్తే ఆ 1 అబద్ధం చెబుతుంది. వరుసలో పెట్టే ఫంక్షను కూడా అటువంటి విలువతో గందరగోళపడుతుంది. సంఖ్య కాని కాలం వస్తే లోపమని చెప్పి ఆగడమే మేలు. కోడు కూడా ఒకే వరుస.

మంగళగిరి

నా ఓటు కూడా లోపానికే. సెన్సరు చెడి పిచ్చి విలువ పంపినప్పుడు అది లాగులో ఎక్కడో కలిసిపోయే కంటే ప్రోగ్రాము అక్కడే ఆగితే నాకు మేలు.

తీసివేత గురించి ఒక మాట. గుర్తు మార్చి కూడడం అని మొదట్లో అన్నారు. 64 బిట్లలో అన్నిటికంటే చిన్న రుణ సంఖ్యకు గుర్తు మార్చలేం, దాని ధన రూపం అందులో పట్టదు. సీలో దాని ఫలితానికి అర్థమే నిర్వచించలేదు. కూడాలా తీసివేయాలా అన్నది ఒక జెండాగా, అంటే అవునా కాదా అని చెప్పే విలువగా, పంపితే సరిపోతుంది, పొంగును తనిఖీ చేసే తీసివేత కూడా కూడిక లాగే దొరుకుతుంది.

పటమట

సరే, జెండా పెట్టాను. ఫలితం రేటు విషయం మాత్రం తేల్చాలి. క.సా.గు. రేటులో వచ్చిన ఫలితాన్ని కుదించాలా? ఒకటిన్నర మిల్లీసెకన్లకు అర మిల్లీసెకను కలిపితే రెండు మిల్లీసెకన్లు, అప్పుడు రేటును 10000 నుంచి 500కు దించడం నాకు విడ్డూరంగా ఉంది. మరోవైపు లూపులో రకరకాల రేట్లు కలుపుతూ పోతే రేటు పెరుగుతూనే ఉంటుంది.

అరండల్‌పేట 6వ లైను

కుదించవద్దు. రేటు పెరగడానికి కారణం వాడేవాళ్లు రకరకాల రేట్లు కలపడమే, క.సా.గు.ని మించి అది ఎలాగూ పెరగదు. కావలసిన వాళ్లకు రేటు మార్చుకోవడానికి కాలం-మార్చు ఉండనే ఉంది.

కృష్ణలంక

పాత ప్రోగ్రాములు జాబితా రూపమే ఆశిస్తాయి కదా, వాటికి జత తిరిగిస్తే విరిగిపోతాయి.

పటమట

రెండు విలువల్లో ఏదో ఒకటి జాబితాగా వచ్చి, ఫలితం రేటు 10 ఘాతం 12ను నిశ్శేషంగా భాగిస్తే జాబితాగానే తిరిగిస్తాను. లేకపోతే జత. పైకోసెకన్లను మించిన సూక్ష్మత ఆ రూపంలో పట్టదు కాబట్టి అంతకంటే చేయగలిగింది లేదు. 32768తో ఈ ఇబ్బంది కూడా ఉంది, అది 10 ఘాతం 12ను భాగించదు: ఆ సంఖ్యలో రెండుల ఘాతం 12, మనకు కావలసింది 15.

మంగళగిరి

కొత్త కోడుతో రెండు లాగులనూ కలిపి పాత ఫలితంతో వరుస వరుసకూ సరిచూశాను. తేడా వచ్చిన చోట్లన్నీ ఒకే రకం: పాత కోడు సమానమని వదిలేయడంతో లాగులో ముందు చదివింది ముందు పడిన జతలు. వాటిలో కొన్నింటి క్రమం ఇప్పుడు మారింది, టిక్కులు చేత్తో లెక్కించి చూస్తే కొత్త క్రమమే సరైనది. కలపడానికి పట్టే సమయం కూడా కంటికి తెలిసేంత తగ్గింది.

పరీక్షల ఫైలులో (0 65536), (1 0) జత, నిల్ లోంచి నిల్, మైనస్ అర సెకను, (1 . 10)కీ 0.1కీ అసమానత, అన్నిటికంటే చిన్న రుణ టిక్కుల తీసివేత చేర్చి పంపుతున్నాను. జాబితా తిరిగిచ్చే షరతుకు పరీక్ష ఇంకా రాయలేదు. అది పటమట గారు రాస్తే, సమీక్ష బ్రాడీపేట వారు చేయగలరని మనవి.

బ్రాడీపేట 4వ లైను

చూస్తాను. శేషాలు-పోల్చులో వేరియబుల్ రకం గుర్తు లేనిదిగా కనిపిస్తోంది, ముందు అది మార్చండి.